అడిగే ఇల్లు

అమ్మ పోయాక మా ఇంట్లో సగం చుట్టరికాలు తెగిపోయాయి. మనుషులంతా ఉన్నారు. మంచిర్యాల నుంచి శుభలేఖ వస్తే, వాళ్లు మనకేమవుతారో చెప్పేవాళ్లే లేరు. పొలాలు, అప్పుల లెక్కలు నాన్నవి, బంధుత్వాలు అమ్మవి. ఒకరికి గుర్తున్నది రెండోవాళ్లు గుర్తుపెట్టుకునే పనిలేదు. అమెరికా మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1985లో ఆలుమగల జ్ఞాపకాల గురించి రాసింది ఇదే.

మా చంద్రపూర్ చుట్టుపక్కల ఒక జాతి తన చరిత్రనే ఇలా పంచి దాచుకుంది. గోండు రాజుల కోటగోడ ఊళ్లో అందరికీ కనిపిస్తుంది. గోండుల వంశకథలు మాత్రం వాటిని పాడే పర్ధాన్ల గొంతులో ఉన్నాయి. రాజురా వైపైనా, ఆదిలాబాద్‌లోనైనా అంతే; 1956 దాకా రాజురా కూడా ఆ జిల్లాదే. గోండు కుటుంబానికి తరతరాలుగా ఒక పర్ధాన్ కుటుంబం ఉంటుంది. నాలుగు, అయిదు, ఆరు, ఏడు వేల్పుల సగల్లో, అంటే వంశ సమూహాల్లో, ఈ ఇంటిది ఏది, ఆ వేల్పు కథేమిటి అన్నది వంశదైవం పెర్సాపేన్ పూజలో ఆ పర్ధానే పాడాలి. చేతిలో కిక్రి ఉంటుంది: తోలు బిగించిన చిన్న డొల్ల, మూడు తీగలు, వాటి మీద కమాను. ఈ పర్ధాన్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది మరాఠీ, పాడేది గోండి. ఇంటి భాష కాని భాషలో, తమది కాని వంశాన్ని ఇన్ని తరాలు మోశారంటే నాకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ఆ పాట ఆగిపోతే ఖాళీ మిగులుతుంది. కానీ ఖాళీ ఎప్పుడూ ఖాళీగా ఉండదు. కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ ఉత్తర అమెరికా ఆదివాసుల కథొకటి చదివించి, కొన్నాళ్లకు మళ్లీ చెప్పమన్నాడు. అర్థంకానివి రాలిపోయాయి, తెలిసినవి వచ్చి చేరాయి. దోనె కాస్తా మామూలు పడవైంది. ఆ సంగతులతో 1932లో పుస్తకం వేశాడు. సగ కథ వినని గోండు పిల్లవాడి మనసులోనూ ఆ చోటు ఊరికే ఉండదు. బడి పుస్తకమో, సినిమానో వచ్చి కూర్చుంటుంది.

అలాగని పర్ధాన్ మరిచిపోయాడనడం అన్యాయం. జ్ఞాపకానికి గుంపు ఆసరా కావాలని ఫ్రాన్స్‌లో మోరిస్ హాల్బ్‌వాక్స్ 1925లోనే చెప్పాడు. పిలిచి, కూర్చోబెట్టి, ధాన్యమో ఆవునో ఇచ్చే ఇల్లు లేనప్పుడు అతను ఎవరికోసం పాడాలి? రికార్డు చేసి దాచడం మంచిదే. కానీ ఆ రికార్డు ఎదుట కూర్చున్నవాణ్ని చూసి, మీది ఏ సగ అని అడగదు.

ఏటా పుష్య అమావాస్యకు ఇటునుంచి కూడా గోండుల్లోని మెస్రం వంశస్థులు ఆదిలాబాద్ జిల్లా కెస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్తారు. కొత్త కోడళ్లను దేవుడికి, పెద్దలకు పరిచయం చేస్తారు. అడగడం నేర్పే చోటది. మా జిల్లా ఆశ్రమ పాఠశాలలూ పర్ధాన్లను గౌరవంగా పిలవాలి, తగిన సంభావన ఇవ్వాలి. పిల్లలు వరసగా లేచి తమ సగ పేరు చెప్పి, కథ అడగాలి.