వెల వేరు, జరిమానా వేరు

కత్తి పట్టేవాడు మంత్రం కూడా నేర్చుకుంటానంటే ఏం జరగాలి? ఒక ఆట యాభై ఏళ్లుగా ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటోంది. ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో అచ్చేశారు. ఆ తర్వాత రూల్‌బుక్కు తిరగరాసినప్పుడు చాలాసార్లు ఈ ఒక్క విషయం దగ్గర పాత జవాబు కొట్టేసి కొత్తది రాశారు. ఆ జవాబులన్నీ వరసగా పెట్టి చదివితే, ఆట నియమాల కంటే ఎక్కువే కనిపిస్తుంది. మనిషి తను పుట్టిన చోటు నుంచి, చేసే పని నుంచి ఎంత దూరం జరగొచ్చు, జరిగినందుకు ఏం ఇచ్చుకోవాలి అన్న దానిమీద ఒక్కో కాలం ఏమనుకుందో కనిపిస్తుంది. నేను ఆ పుస్తకాల్ని ఇక్కడ కథాశాస్త్రంగానే చదువుతున్నాను.

ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు. మిగతావాళ్లకి తలా ఒక పాత్ర. "నేను గోడ దూకుతాను" అంటే దూకినట్టే. దూకగలడా లేదా అని అనుమానం వస్తే ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ప్రతి పాత్రకీ ఒక క్లాస్ ఉంటుంది. ఫైటర్ అంటే యోధుడు, విజర్డ్ అంటే గ్రంథాలు చదివి మంత్రాలు నేర్చినవాడు, క్లెరిక్ అంటే దేవుడి బలంతో పనిచేసేవాడు. అనుభవం వచ్చేకొద్దీ లెవెల్ పెరుగుతుంది. ఇప్పటి నియమాల్లో ఇరవయ్యో లెవెల్ చివరిది. ఒకే పాత్రలో రెండు మూడు క్లాసులు కలపడాన్ని మల్టీక్లాసింగ్ అంటారు.

ఈ క్లాస్ అన్న మాటకి తెలుగు వెతకడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. తరగతి అంటే బడి గుర్తొస్తుంది, వర్గం అంటే పార్టీ కరపత్రం. వృత్తి బాగానే అతుకుతుంది గానీ, మన దగ్గర వృత్తి అనగానే దాని వెనకే కులం వచ్చి నిలబడుతుంది. మొయినాబాద్ దగ్గర ఒక తోటలో శని, ఆదివారాలు మేం ఈ ఆట ఆడేటప్పుడు, ఆ తోట చూసుకునే పెద్దాయన కాసేపు నిలబడి చూసి అడిగాడు.

"గీ ఆటల కులాలుంటయా సార్?"

"కులాలు కాదన్నా, పనులు. ఒకడు యుద్ధం చేస్తాడు, ఇంకొకడు మంత్రాలు చదువుతాడు."

"గదే గద కులమంటే."

ఒకడే రెండు పనులూ నేర్చుకోవచ్చని చెప్పాం. నేర్చుకుంటే ఏమైతదని అడిగాడు. రెండిట్లోనూ లెవెల్ తగ్గుతుందన్నాం. "మాకైతె నిద్ర తగ్గుతది" అని నవ్వి పోయాడు. తెల్లారకముందే గులాబీలు కోసి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పంపి, పగలు ఆటో తోలి, రాత్రి తోటకి కాపలా ఉండే మనిషి ఆయన. చేవెళ్ల, మొయినాబాద్ వైపు పూల తోటలున్న ఊళ్లలో ఇలాంటి మనుషులు చాలామంది. ఒక్క పనితో ఎల్లదు కాబట్టి రెండో పని, మూడో పని. రూల్‌బుక్కులన్నీ యాభై ఏళ్లుగా తిరుగుతున్న విషయాన్ని ఆయన ఒక్క మాటలో పెట్టేశాడు. రెండో విద్య ఊరికే రాదు, దానికో వెల ఉంటుంది.

మొదటి పుస్తకాల్లో ఆ వెల మనిషిని బట్టి కాదు, పుట్టుకని బట్టి ఉండేది. 1974 నియమాల్లో మూడే క్లాసులు. ఎల్ఫ్ జాతివాడు ఒక సాహసంలో యోధుడిగా, ఇంకో సాహసంలో మాంత్రికుడిగా మారొచ్చు. మామూలు మనిషికి ఆ వెసులుబాటు లేదు. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్ల పుస్తకం దీన్ని చట్టం చేసింది. మనుషులు కాని జాతులకి రెండు మూడు క్లాసులు ఒకేసారి మొదలుపెట్టే హక్కు ఇచ్చింది. సంపాదించిన అనుభవం వాటిమధ్య సమానంగా పంచుకోవాలి. పైగా చాలా క్లాసుల్లో ఆ జాతులవాళ్లు ఒక లెవెల్ దాటి ఎదగలేరు. 1981 నాటి బేసిక్ పుస్తకంలోనైతే ఎల్ఫ్ అన్నదే ఒక క్లాస్, డ్వార్ఫ్ అన్నదే ఒక క్లాస్. జాతే వృత్తి. తోట పెద్దాయనకి ఆ పుస్తకం చదివి వినిపిస్తే "మరి నేనేమన్న?" అనేవాడు.

అయితే ఆ 1978 పుస్తకంలోనే మనుషుల కోసం ఇంకో నియమం ఉంది. మనిషి రెండు క్లాసులు ఒకేసారి చెయ్యలేడు గానీ, ఒకటి వదిలి ఇంకొకటి పట్టొచ్చు. అందుకు పాత విద్యకి కావలసిన ముఖ్య లక్షణాల్లో 15, కొత్తదానికి కావలసినవాటిలో 17 ఉండాలి. కొత్త విద్యలో మొదటి లెవెల్ నుంచి మొదలు. పాత విద్య మర్చిపోడు. కానీ ఏదైనా సాహసంలో దాన్ని వాడాడా, ఆ సాహసానికి అనుభవం సున్నా. కొత్త లెవెల్ పాత లెవెల్‌ని దాటిన రోజున రెండూ అతని సొంతం, ఆ తర్వాత ఎలా కావాలంటే అలా కలిపి వాడుకోవచ్చు.

ఈ నియమం చదువుతుంటే తెలుగువాడికి విశ్వామిత్రుడు గుర్తుకురాకుండా ఎలా ఉంటాడు? రాజు. వశిష్ఠుడి ఆవు కోసం సైన్యంతో వెళ్లి ఓడిపోయాడు. తపస్సు చేసి అస్త్రాలు సంపాదించాడు, మళ్లీ వెళ్లి వాటిని వశిష్ఠుడి ఆశ్రమం మీదే వేశాడు. అంటే కొత్త విద్యని పాత పనికే వాడాడు. బ్రహ్మదండం ముందు అన్నీ పోయాయి. అప్పుడు గానీ దారి మార్చలేదు. ఆ తర్వాత కథంతా ఒకే లెక్క. త్రిశంకుడి కోసం పంతానికి పోయాడు, తపస్సు ఖర్చయింది. మేనకతో పదేళ్లు, మళ్లీ మొదటికి. రంభని కోపంతో శపించాడు, మళ్లీ సున్నా. అతనిలోని రాజు లేచినప్పుడల్లా రుషి లెక్క చెరిగిపోతుంది. ఇది ఎవరో విధించిన శిక్ష కాదు. అతను ఎక్కదలుచుకున్న మెట్టుకున్న ఎత్తే అంత. చివరికి వశిష్ఠుడి నోట బ్రహ్మర్షి అనిపించుకున్నాక ఏం చేశాడో చూడండి. యజ్ఞానికి రాక్షసులు అడ్డొస్తే తను విల్లు ఎత్తలేదు. దీక్షలో ఉన్నాడు. అస్త్రాలన్నీ రాముడికి నేర్పాడు. రెండు విద్యలూ చేతిలో ఉన్నాక, ఏది ఎప్పుడు వాడకూడదో కూడా తెలిసింది. గైగాక్స్ బాలకాండ చదివాడని నేననను. ఒక నిజాన్ని రెండు చోట్ల రెండు రకాలుగా పట్టుకున్నారంటాను.

మన పురాణంలోనే దీనికి ఎదురు కథ కూడా ఉంది. కర్ణుడు బ్రహ్మాస్త్రం అడిగితే ద్రోణుడు కాదన్నాడు. పరశురాముడి దగ్గరికి వెళ్లి బ్రాహ్మణుణ్నని చెప్పి నేర్చుకున్నాడు. తొడని పురుగు తొలుస్తున్నా గురువుకి నిద్రాభంగం కాకూడదని కదలకుండా కూర్చున్నాడు. ఆ ఓర్పే పట్టిచ్చింది. చావు ముంచుకొచ్చిన వేళ ఆ అస్త్రం తోచదని శాపం. ఇక్కడ లెక్క తప్పింది ఎక్కడ? విద్యకి కావలసిన శ్రమ కర్ణుడు పడ్డాడు, గురుసేవ చేశాడు. లేనిది జన్మ ఒక్కటే. ఆట భాషలో చెప్పాలంటే, అర్హత గడిలో అంకె సరిపోలేదు, ఆ అంకె పెంచుకునే దారి కూడా లేదు. ఏకలవ్యుడి బొటనవేలు కూడా ఈ ఖాతాలోదే.

విశ్వామిత్రుడు ఇచ్చింది వెల. కర్ణుడి దగ్గర వసూలు చేసింది జరిమానా. వెల విద్యలోంచి పుడుతుంది, కట్టినవాడికి ఏదో ఒకటి మిగులుస్తుంది. జరిమానా గోడలోంచి పుడుతుంది, గోడ కట్టినవాడికే మిగులుతుంది. మల్టీక్లాసింగ్ నియమాలన్నిటినీ ఈ తేడాతో కొలవొచ్చని నా వాదన.

2000లో వచ్చిన మూడో ఎడిషన్ పెద్ద గోడ కూల్చింది. ఏ జాతివాడైనా, లెవెల్ పెరిగినప్పుడల్లా ఇష్టమైన క్లాస్ ఎంచుకోవచ్చు. ఇది ఆట చరిత్రలో నిజమైన మేలు, దీన్ని తక్కువ చెయ్యకూడదు. కానీ ఒక మూల పాత గోడ తాలూకు ఇటుకలు మిగిలిపోయాయి. ప్రతి జాతికీ ఒక "ఇష్టమైన" క్లాస్ రాశారు. అది కాక మిగతావాటి లెవెల్స్ మధ్య తేడా ఒకటికి మించితే, వచ్చే అనుభవంలో 20 శాతం కోత. మనుషులకైతే ఏ క్లాస్ అయినా ఇష్టమైనదే. దీనికి కథలో కారణమేదీ లేదు. అచ్చమైన జరిమానా. చాలా బల్లల దగ్గర దీన్ని పట్టించుకోకపోవడంలో ఆశ్చర్యం లేదు.

2014 నాటి ఐదో ఎడిషన్‌లో ఆ కోత లేదు. ఇప్పుడున్న క్లాస్‌కి, కొత్తగా చేరే క్లాస్‌కి కావలసిన ముఖ్య లక్షణాల్లో 13 ఉంటే చాలు. జన్మతో పని లేదు. కర్ణుడు ఈ పుస్తకంలో పుట్టి ఉంటే అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. వెల కూడా ఉంది, కాకపోతే లెక్కల్లో దాక్కుంది. పదో లెవెల్ విజర్డ్ ఐదో స్థాయి మంత్రాలు వేస్తాడు. ఐదు లెవెల్స్ ఫైటర్, ఐదు లెవెల్స్ విజర్డ్ అయినవాడు మూడో స్థాయి దగ్గర ఆగుతాడు. బదులుగా అతనికి ఒక వంతులో కత్తి రెండుసార్లు దూసే నేర్పు వస్తుంది. అంకెల్లో చూస్తే ఇది న్యాయమైన బేరమే.

నా ఫిర్యాదు అక్కడే. అది బేరంగా మాత్రమే ఉంది. మొదటి లెవెల్ ఫైటర్‌గా మొదలుపెట్టి రెండో లెవెల్ నుంచి విజర్డ్ అయిపోతే, జీవితాంతం బరువైన కవచం వేసుకుని మంత్రాలు చదవొచ్చు. ఈ కిటుకు ఆడేవాళ్లందరికీ తెలుసు. దీనికి వెల, మంత్రాలు ఒక లెవెల్ ఆలస్యంగా రావడం. ఆ ఆలస్యం కాగితం మీద ఉంటుంది గానీ కథలో ఎవరికీ కనిపించదు. ఇతను ఏ సైన్యంలో ఉన్నాడు, ఎందుకు వదిలాడు, వదిలినప్పుడు ఎవరు తిట్టారు అని పుస్తకం అడగదు. 2023లో వచ్చిన బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ ఇంకో అడుగు వేసి 13 నియమం కూడా ఎత్తేసింది. గోడలు పడగొట్టే తొందరలో, గోడకి ఆనించి ఉన్న మెట్లు కూడా పడగొట్టారు.

దీనికో గట్టి ఎదురువాదన ఉంది. వారమంతా ఆఫీసులో ఒకే పని చేసి వచ్చినవాళ్లు ఆటలోనైనా అన్నీ అయిపోవాలనుకుంటే తప్పేముంది? వెల కట్టడం రోజూ ఉన్నదే కదా? మా బల్ల దగ్గర ఈ మాట చాలాసార్లు విన్నాను. ఇందులో న్యాయం ఉంది, అందుకే పాత సున్నా నియమం మళ్లీ తెమ్మని నేనను. అయితే అన్నీ అయిపోవాలన్న కోరికకి కూడా మన దగ్గర మంచి కథే ఉంది. అర్జునుడు అస్త్రాల కోసం ఇంద్రలోకం వెళ్లి ఐదేళ్లున్నాడు. అక్కడే చిత్రసేనుడి దగ్గర ఆటాపాటా నేర్చుకున్నాడు. ఆటగాళ్ల భాషలో అది ఒక్క లెవెల్ ముంచి తీయడం. కానీ కథ దాన్ని మర్చిపోలేదు. విరాటుడి కొలువులో బృహన్నలగా ఏడాదిపాటు ఉత్తరకి నాట్యం నేర్పినప్పుడు ఆ ఒక్క లెవెలే అతన్ని దాచింది. గాండీవం జమ్మిచెట్టు మీద ఉంది, చేతికి గాజులున్నాయి. పక్కన నేర్చుకున్న విద్య ముందుకొచ్చింది, ప్రాణమైన విద్య పక్కకి తప్పుకోవాల్సి వచ్చింది. చిన్న విద్యకి కూడా కథలో చోటు, కాలం, వెల అన్నీ ఉన్నాయి. వినేవాళ్లకి అందులో బాధకంటే సరదాయే ఎక్కువ.

మన జానపద సినిమా ఈ చిక్కుని వేరేలా తప్పించుకుంది. 1951 నాటి పాతాళ భైరవిలో తోట రాముడు తోటమాలి కొడుకు. అతను మంత్రం నేర్చుకోడు, కోరికలు తీర్చే విగ్రహం సంపాదిస్తాడు. విద్య అంతా నేపాళ మాంత్రికుడిదే. మన తెరమీద మంత్రం వచ్చినవాడు ఎక్కువగా ప్రతినాయకుడే. కథానాయకుడికి వస్తువు ఇస్తారు, విద్య ఇవ్వరు. తోటమాలి కొడుకు కత్తి వదలకుండా మంత్రం కూడా నేర్చుకునే కథ చూడాలంటే, ఈ బల్ల దగ్గర పాచికలు వేసుకుని కూర్చోవడమే దారి. అందుకే ఈ నియమాల గురించి ఇంత పట్టింపు.

కాబట్టి పుస్తకం అడగనిది బల్ల దగ్గరే అడగాలి. ఎవరైనా కొత్త క్లాస్ తీసుకుంటానంటే డంజన్ మాస్టర్ మూడు ప్రశ్నలు వెయ్యాలి: ఎవరు నేర్పారు? నేర్చుకునేన్నాళ్లూ ఏ పని మానేశావు? పాతవాళ్లలో ఎవరికి ఇది నచ్చలేదు? అంకె ఒక్కటీ మారదు, అనుభవంలో కోత పడదు, ఎవరి జన్మా అడ్డు రాదు. మేం ఇలా ఆడటం మొదలుపెట్టాక, ఒక యోధుడు ఏడు వారాలపాటు రాత్రి కాపలా కాస్తూ అక్షరాలు దిద్దుకున్నాడు. అతను మొదటిసారి మంత్రంతో దీపం వెలిగించినప్పుడు, ఆటలో అది అతి చిన్న మంత్రమే అయినా, బల్ల చుట్టూ ఉన్న ఐదుగురం చప్పట్లు కొట్టాం. ఆ దీపానికి అతను ఎన్ని నిద్రలు పోగొట్టుకున్నాడో మాకందరికీ తెలుసు.