పాదరసం పెట్టె పనితనం

జహీరాబాద్ లాంటి ఊళ్లో హైవే పక్క దవాఖానాలకు బ్యాటరీ బీపీ మిషన్లు ఎప్పుడో వచ్చేశాయి. అయినా పాత డాక్టర్ల బల్ల మీద ఆ పొడవాటి పెట్టె అక్కడక్కడా కనిపిస్తూనే ఉంటుంది. మూత ఎత్తితే దానికే బిగించిన గాజు గొట్టం, 0 నుంచి 300 దాకా గీతలు, కింద పాదరసం తొట్టి. ఇందులో అరిగే పళ్లచక్రం లేదు, అలసిపోయే స్ప్రింగు లేదు. రక్తపు ఒత్తిడిని పాదరసం బరువుతో తూస్తారు, అంతే. పాదరసమే ఎందుకంటే అది నీళ్లకంటే 13.6 రెట్లు బరువు. 120 చూపించడానికి నీళ్లయితే 163 సెంటీమీటర్ల గొట్టం, అంటే మనిషెత్తు గొట్టం కావాలి.

నాకు ముచ్చటేసేది ఆ గీతల దగ్గరే. గొట్టంలో పాదరసం పైకెక్కితే తొట్టిలో మట్టం ఆ మేరకు కిందికి దిగుతుంది. ఒత్తిడి అంటే రెండు మట్టాల మధ్య తేడా. ఆ దిగుడును కూడా లెక్కలో కలిపి, స్కేలు మీద మిల్లీమీటరు అని గీసిన చోట నిజం మిల్లీమీటరుకన్నా పిసరు తక్కువే గీస్తారు. తొట్టి ఎంత వెడల్పో, గొట్టం ఎంత సన్నమో చూసి మరీ గీసిన గీతలవి. కాబట్టి ఒక మిషన్ గొట్టాన్ని తీసి ఇంకో కొలత గొట్టం పెడితే లెక్క తప్పుతుంది. ఇంకో సంగతి, గీతలు రెండేసి మిల్లీమీటర్లకు ఒకటి. "ఎంతున్నది సారూ?" అంటే "నూట ముప్పై అయిదు ఉన్నది పెద్దమ్మా" అన్న డాక్టరు గీతల మధ్య ఊహించి చెప్పాడన్నమాట!

గొట్టం పైకొన మీద చిన్న తోలు బిళ్ల ఉంటుంది. గాలిని పోనిస్తుంది, పాదరసాన్ని పోనివ్వదు. అది దుమ్ముతో మూసుకుపోతే పాదరసం దిగడం ఆలస్యమై కొలత చెడుతుంది. కింది మర ఇంకా తెలివైనది. పెట్టెను పక్కకు వంచి పాదరసాన్ని తొట్టిలోకి దింపి మర తిప్పేస్తే, బస్సులో ఎంత కుదిపినా చుక్క బయటికి రాదు.

ఇక చేతికి చుట్టి గాలి నింపే పట్టీ సంగతి. 1896లో ఇటలీ డాక్టరు రివా రోచి కట్టిన పట్టీ ఇరుకుది, దాంతో బీపీ ఎక్కువ చూపేది. 1901లో జర్మనీ డాక్టరు రెక్లింగ్‌హౌసెన్ దాన్ని వెడల్పు చేశాడు. ఈనాటికీ లోపలి రబ్బరు సంచి వెడల్పు చేతి చుట్టుకొలతలో 40 శాతం ఉండాలంటారు. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ వస్తుంది. 1905లో రష్యా డాక్టరు కొరొత్కోవ్ మోచేతి మడతలో స్టెతస్కోపు పెట్టి వినడం నేర్పాడు. గాలి వదిలే మరను వేళ్లతో మెల్లగా సడలిస్తూ సెకనుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున దించాలి. మంచి మర అయితే ఆ నెమ్మది వేలికి అందుతుంది, నాసిరకమైతే పాదరసం ఒక్కసారే జారిపోతుంది.

జహీరాబాద్ ఉన్న సంగారెడ్డి జిల్లాలోనే సుల్తాన్‌పూర్‌లో ఇప్పుడు వైద్య పరికరాల పార్కు ఉంది. పాదరసానికి మాత్రం రోజులు చెల్లాయి. అది విషం కాబట్టి 2013 మినమాటా ఒప్పందం ఇలాంటి పరికరాల తయారీని ఆపేయమంది, మన దేశం 2018లో ఆమోదించింది. ఒప్పందం సబబే. అయితే బ్యాటరీ మిషన్లు నిజం చెబుతున్నాయో లేదో తేల్చడానికి చాలాకాలం ఈ పెట్టెనే పక్కన పెట్టుకున్నారు. ఇంట్లో పాతది ఉంటే మోరీలో పోయకండి, చీపురుతో ఊడ్వకండి. ఒలికితే కిటికీలు తెరిచి, అట్టముక్కతో గుండ్లను ఒకచోటికి తోసి, సిరంజితో పీల్చి, మూత గట్టిగా ఉన్న సీసాలో వేసి దవాఖానాలో అప్పగించాలి.