పునరుక్తి యంతయు సార్థకమేనా?

సృష్టిలో నిరర్థకమైన దేదియు లేదను మాట వినుట కింపైనది. జీవకణములలోని డి.ఎన్.ఏ.ను గూర్చి మన భాషలో వెలువడు వ్యాసములయందును, సభలలోని యుపన్యాసములయందును ఈ మాట తరచుగా కానవచ్చుచున్నది. డి.ఎన్.ఏ.ను జీవగ్రంథమని పేర్కొందురు. ఆ గ్రంథమున నొక్క యక్షరమైనను వ్యర్థముగా నుండదందురు. ఒకే మాట వేలసారులు మరల మరల వ్రాయబడియున్నచో, దానిలో మనకింకను తెలియని పరమార్థ మేదియో యుండి తీరవలెనని ముగింతురు. ఈ వాదమును పరీక్షించుటయే నా యుద్దేశము. ఇది శాస్త్రజ్ఞుల యింటివిషయమని పాఠకులు తలంపరాదు. ఇదే వాదరీతి మన యిండ్లలోని యాచారముల విషయమునను పనిచేయుచున్నది.

ముందు విషయమేమో చూతము. మనుష్యుని డి.ఎన్.ఏ. యం దించుమించుగా 300 కోట్ల యక్షరములు కలవు. మాంసకృత్తులను నిర్మించుటకు నేరుగా నుపకరించు భాగము వానిలో నూటికి రెండుపాళ్లకంటె తక్కువ. దాదాపు సగము పునరుక్తియే. ఈ పునరుక్తి రెండు విధములు. ఒకచోటనే చిన్నమాట వరుసగా జపమువలె సాగుట మొదటిది. ఒక తునక తన ప్రతిని తానే తీయించుకొని వేరొకచోట నతుకుకొనుట రెండవది. పెడనలోను బందరులోను కలంకారీ పనివారు చెక్కయచ్చును రంగులో ముంచి బట్టపై మరల మరల నద్దుటను చూచినవారి కీ రెండవది సులభముగా బోధపడును. భేద మేమనగా, అక్కడ నద్దువాడు పనివాడు. ఇక్కడ నచ్చు తన్ను తానే యద్దుకొనుచున్నది. ఇట్లు స్థలము మార్చు తునకలను మొక్కజొన్నయందు కనిపెట్టిన బార్బరా మెక్లింటాక్ అను విదుషీమణికి 1983లో నోబెల్ బహుమాన మిచ్చిరి.

ఇక, ప్రతి యక్షరమును సార్థకమే యనువారు సమాధానము చెప్పవలసిన ప్రశ్న యొకటి కలదు. మన డెల్టాలో పండు వరికి డి.ఎన్.ఏ. అక్షరములు సుమారు 39 కోట్లు. గోధుమకు సుమారు 1,600 కోట్లు. వానిలో నూటికి ఎనుబదిపాళ్లకు మించి పునరుక్తియే. వరికంటె గోధుమ నలువది రెట్లు ఘనమైన సృష్టియా? వంటింటి యుల్లిపాయకు మనుష్యునికంటె సుమారైదు రెట్ల డి.ఎన్.ఏ. కలదు. అక్షరమున కొక ప్రయోజనమున్నచో, మనుష్యుని కక్కఱలేని యంత ప్రయోజన ముల్లిపాయ కేల కావలసివచ్చెను? హేతువు సాధ్యమును విడిచి యన్యత్రకూడ నుండునెడల దానిని మన నైయాయికు లనైకాంతికమందురు. ఉనికినిబట్టి ప్రయోజనము నూహించుట యట్టి దుష్టహేతువే.

పక్షుల విషయము మఱియు బోధకరమైనది. వరిచేలలో నిలుచు చిన్న తెల్లకొంగ మొదలుకొని నలువదియెనిమిది పక్షిజాతుల డి.ఎన్.ఏ.ను చదివి, 2014లో పండితు లొక్కసారి ప్రకటించిరి. పక్షులకు సాధారణముగా 100 కోట్లు మొదలుకొని 130 కోట్ల వఱకు నక్షరములుండును. పునరుక్తి నూటికి నాలుగు మొదలు పదిపాళ్లు మాత్రమే. దీనిని చూచి, ఎగురుటకై ప్రకృతి వానిని తేలికపఱచినదని కొంద ఱనిరి. ఈ మాటలో కొంత బలము లేకపోలేదు. డి.ఎన్.ఏ. తగ్గిన కణములు చిన్నవగును. చిన్నకణములు ప్రాణవాయువును త్వరగా నిచ్చిపుచ్చుకొనును. ఎగురు క్షీరదమగు గబ్బిలమునకును డి.ఎన్.ఏ. తక్కువయే. అయినను రెండు విషయములు గమనింపవలెను. శిలలైన యెముకలలో కణములుండిన రంధ్రములను కొలిచి, పక్షుల పూర్వులగు డైనోసారులు ఎగురక పూర్వమే యీ లాఘవమును పొందియుండినవని 2007లో నిరూపించిరి. ఎగురుటకై యేర్పడినదను మాట యిచ్చట తలక్రిందగుచున్నది. రెండవది, ఆ నలువదియెనిమిదింటిలోనే యొక వడ్రంగిపిట్టకు పునరుక్తి నూటికి ఇరువదిరెండుపాళ్లున్నది. అదియు చక్కగానే యెగురుచున్నది. పక్షులలో క్రొత్త తునకలు చేరుటయు, పాతవి రాలిపోవుటయు నెడతెగక జరుగుచునే యుండెనని 2017లో తేలినది. చిన్నగ్రంథ మనగా జాగ్రత్తగా వ్రాసిన గ్రంథమని యర్థము కాదు. ఎంత యెక్కెనో యంతయు చెఱిగిపోయిన గ్రంథమని మాత్రమే యర్థము.

ఈ చర్చలో మన తెలుగుదేశమునకు సంబంధించిన కథ యొకటి కలదు. మోపిదేవిలో సుబ్రహ్మణ్యుని సర్పరూపమున కొలుచు దివిసీమవాసులకు కట్లపాము తెలియనిది కాదు. ఆ ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన బంగారస్ అను పేరు మన బంగారు శబ్దమే. విశాఖపట్టణమున నివసించిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 1796లో ప్రకటించిన సర్పగ్రంథమున బంగారు పామను తెలుగు పేరు నెక్కించెను. దానినుండియే యీ లాటిను పేరు పుట్టినది. పసుపుపచ్చని కట్లుగల ఆ బంగారు పాముయొక్క ఆడుదానిలో, లింగభేదమునకు సంబంధించిన డబ్ల్యు అను క్రోమోజోముమీద జి-ఎ-టి-ఎ యను నాలుగక్షరములు వేలసారులు మరల మరల వచ్చుచున్నవని లాల్జీ సింగ్ గారును, వారి సహచరులును కనుగొనిరి. ఆ యావృత్తిగల డి.ఎన్.ఏ. యునికిని 1980లో ప్రకటించిరి. అట్టి యావృత్తి యితర జంతువులయందును, మనుష్యులయందును కనబడుటచే, ఆడు మగ యను భేదమును నిర్ణయించునది యిదియే కావచ్చునని యప్పుడు చాలమంది యాసపడిరి. కాని 1990లో మనుష్యులలో పురుషత్వమును నిర్ణయించు జన్యువు వేరుగా దొరకినది. 2009లో పక్షులకును వేఱొక జన్యువే తేలినది. పునరుక్తి యచ్చట నున్నమాట నిజము. అది యా పని చేయుచున్నదను మాట నిలువలేదు.

ఆయినను లాల్జీ సింగ్ గారి శ్రమ వృథ కాలేదు. ఆ యావృత్తుల పొడవు వ్యక్తివ్యక్తికి మాఱుచుండును గనుక, హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో వారు 1988లో దానిని మనుష్యులను గుర్తించు సాధనముగా చేసిరి. తండ్రి యెవడో తేల్చుటకును, నేరస్థుని పట్టుటకును న్యాయస్థానము లా విద్యను గ్రహించినవి. ఇచ్చట ప్రయోజనము మనము కల్పించుకొన్నది. పాము దానిని తనకొఱకు దాచుకొనలేదు. ప్రసంగవశమున గృహిణు లెఱుగవలసిన మాట యొకటి కలదు. పక్షులలో పిల్ల ఆడో మగో తల్లివలన నిర్ణయమగును. మనుష్యులలో తండ్రి బీజమువలన నగును. ఆడుపిల్లలనే కన్నదని కోడలిని దూషించు అత్తగా రీ రెంటికిని భేదము తెలిసికొనుట మంచిది.

ఇంతమాత్రముచేత రెండవపక్షమువారు విజయము చాటుకొనరాదు. సుసుము ఓనో 1972లో నీ మిగులు డి.ఎన్.ఏ.ను చెత్త యని పిలిచెను. ఆ మాటను పట్టుకొని పునరుక్తి నంతయు నూడ్చిపారవేయువారును తొందరపాటువారే. గర్భస్థశిశువును తల్లితో కలుపు మావియొక్క నిర్మాణమునకు, పూర్వమెప్పుడో మన వంశమున చొరబడిన వైరస్ జన్యువు నేడు తోడ్పడుచున్నది. కొన్ని నాటుకోళ్లు నీలపుగ్రుడ్లు పెట్టుట వైరస్ తునక యొకటి జన్యువు ప్రక్కన చేరుటవలననే యని 2013లో తేలినది. 2012లో ఎన్‌కోడ్ అను పరిశోధకసంఘము మనుష్యుని డి.ఎన్.ఏ.లో నూటికి ఎనుబదిపాళ్లకు జీవరసాయనిక చర్య యేదియో కలదని చాటినది. చర్య యున్నంతనే ప్రయోజన మున్నట్లు కాదు. వంశపరంపరలో చెడకుండ కాపాడబడుచున్న భాగము నూటికి ఎనిమిదిపాళ్లు మాత్రమే యని 2014లో వేరొకరు లెక్కించిరి.

న్యాయసూత్రములయం దీ వివాదమువంటిదే కలదు. వేదమున పునరుక్తిదోష మున్నదని పూర్వపక్షి యనగా, సిద్ధాంతి పునరుక్త మంతయు గుణమని వాదింపలేదు. నిరర్థకమైన యావృత్తి పునరుక్తము, ప్రయోజనముగల యావృత్తి యనువాదము అని భేదము చూపెను. నడచువానిని త్వరపెట్టుటకు మరల మరల పొమ్మనుటలో ప్రయోజనము కలదు గనుక నది దోషము కాదు. ఎచ్చట ప్రయోజనము చూపగలమో యచ్చటనే యంగీకారము. చూపవలసిన భారము కలదను వానిదే.

నిష్ప్రయోజనమైనదియు సాక్ష్యముగా నుపకరించుట వేఱుమాట. 1820ల దశకమున బందరులో నుద్యోగము చేసిన బ్రౌను దొర వేమన పద్యముల ప్రతులను పండితులచే పోల్చి చూపించెను. రెండు ప్రతులలో నొకే తప్పు ఒకేచోట కనబడినచో నవి యొక మాతృకనుండి పుట్టినవని ప్రతుల పోల్చువా రెఱుగుదురు. అట్లే యొకే తునక యొకేచోట నతుకుకొనియుండుటను చూచి, పిచ్చుక మొదలగు పిట్టలకు దగ్గఱచుట్టము చిలుక యని 2011లో నిర్ణయించిరి. లేఖకుని తప్పు కావ్యమునకు శోభ గాదు; చరిత్రకారునికి మాత్రము దీపము.

ఇప్పుడు మన యింటిమాట. బాల్యవివాహములను, వితంతువుల శిరోముండనమును సమర్థించినవారు చెప్పిన దేమి? ఇంతకాలము నిలిచినది వ్యర్థమై యుండునా, పెద్దలు ఊరకే పెట్టుదురా యనియే కదా! ప్రయోజనమును చూపుటకు మాఱుగా ప్రాచీనతను చూపిరి. కట్నమును గూర్చి నేటికిని వినబడు సమర్థన యదియే. తన్ను తానే యద్దుకొను నచ్చువలె, ఎవరికిని మేలు చేయకయే తరతరములుగా వ్యాపించు నాచారములును కలవు. వ్యాపించుటయే వాని సామర్థ్యము. అట్లని పాతదంతయు చెత్త యనువాడును సంస్కర్త కాడు. మావికి తోడ్పడు తునకను గూడ తీసివేసినచో శిశువే యుండదు. ఒక్కొక్కదానినే పట్టి, నీవలన నెవరికి మేలని యడుగుటయే సంస్కారము. ప్రకృతిని గూర్చి వ్రాయువా రీ ప్రశ్నను మానినచో, ఆచారములను గూర్చి యడుగువారి నోరును మూయించినవా రగుదురు.