పేరు దాచుకున్న అన్నదమ్ములు పెట్టిన పేరు

2014లో వచ్చిన 'గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ' సినిమా మన కుర్రాళ్లలో చాలామంది చూసే ఉంటారు. మొదట్లోనే హీరో చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పాడుబడిన గ్రహం మీద ఒంటరిగా చిందులేస్తాడు. ఆ పాట పేరు 'కమ్ అండ్ గెట్ యువర్ లవ్'. దాన్ని కట్టి పాడింది ఆదివాసీ మూలాలున్న బృందమని చెబితే, ముమ్మిడివరంలో మాతో కూర్చుని విన్న ఇంటర్ పిల్లలు నమ్మలేదు. "ఆదివాసులైతే డోలు కొట్టాలి కదండీ, గిటారేంటి?" అని అడిగారు. ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము ఆ పాట ఉన్న ఆల్బం మొత్తం విన్నాం. ఆల్బం పేరు 'వొవోకా'. 1973లో వచ్చింది. బృందం పేరు రెడ్‌బోన్.

ఈ బృందానికి మూలం లోలీ, ప్యాట్ అనే అన్నదమ్ములు. కాలిఫోర్నియాలో పుట్టినవాళ్లు. తమలో మెక్సికన్ రక్తంతోపాటు యాకీ, షొషోనీ తెగల రక్తం ఉందని చెప్పుకున్నారు. ఇంటిపేరు వాస్కెజ్. ఆ పేరుతో లాస్ ఏంజిలిస్ క్లబ్బుల్లో పని దొరకదని వేగస్ అని మార్చుకున్నారు. పేరు చెబితే గది అద్దెకు దొరకదని, కూలి దొరకదని తెగ పేరు మింగేసే మన మైదాన ప్రాంత ఎరుకల, యానాది కుటుంబాలకు ఈ సంగతి కొత్తగా అనిపించదు. అయితే 1969లో అదే అన్నదమ్ములు ఒక బృందం కట్టి, దానికి రెడ్‌బోన్ అని పేరు పెట్టారు. అమెరికా దక్షిణాదిలో కలగలుపు రక్తం ఉన్నవాళ్లను పిలిచే మాట అది. దాచుకున్నదాన్నే బోర్డు మీద రాసుకున్నారు.

ఇక సంగీతం. ఫంక్ నల్లజాతి కళాకారులు, ముఖ్యంగా జేమ్స్ బ్రౌన్ బృందం, 1960లలో రూపుదిద్దిన బాణీ. అందులో రాగం వెనక, దరువు ముందు. మొదటి దెబ్బ బలంగా పడుతుంది, మిగతావన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. డప్పు విని పెరిగినవాళ్లకు ఇంతకంటే వివరం అక్కర్లేదు. 'కమ్ అండ్ గెట్ యువర్ లవ్'లో పాటను నడిపేది ప్యాట్ వాయించిన బేస్ గిటారే. ఫోన్ స్పీకర్లో అది సరిగ్గా వినపడదు. పెద్ద స్పీకర్లో పెట్టి వినండి. గొంతు పైన సరసంగా తేలుతుంటే, కింద బేస్ బరువుగా అడుగులు వేస్తుంది. కాలు ఊరుకోదు. 1974లో ఈ పాట అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో 5వ స్థానం దాకా వెళ్లింది.

అదే ఆల్బంలో 'వొవోకా' అనే పాటా ఉంది. వొవోకా నెవాడా ప్రాంతపు పయూట్ తెగ ప్రవక్త. 1889 జనవరి 1న సూర్యగ్రహణం నాడు తనకు దర్శనమైందన్నాడు. అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా ఆడితే చనిపోయిన పెద్దలు తిరిగొస్తారని, భూమి మళ్లీ పచ్చబడుతుందని చెప్పాడు. ఎవరితోనూ పోరాడవద్దనీ చెప్పాడు. ఆ ఆట తెగ నుంచి తెగకు పాకింది. ప్రభుత్వం ఆటను చూసి భయపడింది. 1890 డిసెంబర్ 29న ఊండెడ్ నీ వాగు దగ్గర సైన్యం లకోటా జనాన్ని, ఆడవాళ్లను, పిల్లలను కూడా, వందల సంఖ్యలో కాల్చి చంపింది.

1973 ఫిబ్రవరిలో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ వాళ్లు, స్థానిక లకోటాలు కలిసి అదే ఊండెడ్ నీని 71 రోజులు పట్టి నిలిచారు. ఆ ఏడాదే రెడ్‌బోన్ ఆ ఊచకోత మీద పాట కట్టింది. అది నెదర్లాండ్స్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. సొంత దేశం అమెరికాలో మాత్రం అప్పట్లో విడుదల కాలేదు. ప్రేమపాటకు తలుపులన్నీ తెరిచారు, చావుపాటను గడప దగ్గరే ఆపారు. మా దృష్టిలో ఈ ఆల్బం కథంతా ఇక్కడే ఉంది. ఆదివాసి ఆడితే బజారు చప్పట్లు కొడుతుంది. ఎందుకు ఏడుస్తున్నాడో చెప్పబోతే శబ్దం తగ్గిస్తుంది.

ఆల్బంలో లోపాలు లేవని మేము అనం. కొన్ని ప్రేమపాటలు ఆ కాలంలో రేడియో కోసం ఎవరైనా కట్టగలిగినవే. వొవోకా పేరు పెట్టిన ఆల్బంలో వొవోకాకు దక్కిన చోటు తక్కువ. కానీ ప్రేమపాట కోసం కొన్న ప్రతి ఇంట్లోకీ అట్ట మీద ఆ ప్రవక్త పేరు కూడా వెళ్లింది. అది చిన్న పని కాదు.

వేషం సంగతీ మాట్లాడుకోవాలి. 1974లో 'ది మిడ్‌నైట్ స్పెషల్' టీవీ కార్యక్రమంలో పాటకు ముందు బృంద సభ్యుడు టోనీ బెలామీ ఈకల దుస్తులతో తెగల నృత్యం ఆడాడు. ఇదీ బజారు కోరిన వేషమే కదా అని మాలో కొందరు అన్నారు. అలాంటి ఆటలను అక్కడి తెగలు తమ సభల్లో ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని ఆడుకుంటాయి, అది వాళ్లు ఎంచుకున్నది అని మరికొందరు అన్నాం. మన బడుల్లో ఆగస్టు 9న జరిగేది వేరు. ధింసా అరకు వైపుది, కొమ్ముకోయ చింతూరు, భద్రాచలం వైపుది, గుస్సాడి ఆదిలాబాద్ గోండులది. ఇవేవీ అడగకుండా, ఎరుకల పిల్లకు నడుముకు ఆకులు కట్టి, మొహానికి చుక్కలు పెట్టి 'గిరిజన నృత్యం' అని మైకులో చెబుతారు. ఆ పిల్ల అవ్వ మాట్లాడే ఎరుకల భాష గురించి ఎవరూ అడగరు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. ఈసారి ఆకులు కట్టే ముందు ఆ పిల్లను ఇంటికి పంపి, అవ్వనడిగి ఒక మాటో, పాటో, ఒక పేరో తెమ్మనండి. మైకులో దాన్ని చెప్పనివ్వండి. యువతకు చెప్పేది ఇది. గిటారు పట్టినా, డీజే బాక్సు పెట్టినా, ర్యాప్ కట్టినా మీ ఆదివాసీతనం ఎక్కడికీ పోదు. డోలే కొట్టాలని ఎవరూ రూలు పెట్టలేదు. పాటను ఎంత దూరమైనా పోనివ్వండి. దాని వెంట మీ తెగ పేరును కూడా పంపండి.