ఎదురుచూచు పాఠకుడు

వ్రాయవలెనను కోరిక గలవారు మా కల్వకుర్తివంటి చిన్న పట్టణమునందును పెక్కురు కలరు; నియమముగా వ్రాయువారు మాత్రము అరుదు. ఉద్యోగము, సేద్యము, సంసారము దినమునంతను హరించుచుండగా, ఎవరును అడుగని వ్రాతకై కూర్చుండుటకు వలసిన ప్రేరణ ఎక్కడనుండి తెచ్చుకొనవలెనని యువకులు నన్ను తఱచుగా అడుగుచుందురు. ఆ ప్రశ్న వినినప్పుడెల్ల నాకు సురవరం ప్రతాపరెడ్డిగారు స్మరణకు వత్తురు.

గద్వాల ప్రాంతమువారైన ప్రతాపరెడ్డిగారు న్యాయశాస్త్రము చదివియు, 1926లో హైదరాబాదునందు గోలకొండ పత్రికను స్థాపించిరి. రాజభాష ఉర్దూ, పాఠశాలలలో బోధనాభాషయు ప్రధానముగా ఉర్దూయే అయి, తెలుగు చదువగలవారే స్వల్పముగా నున్న ఆ కాలమున, వారమునకు రెండుమార్లు తెలుగు పత్రికను వెలువరించుట సామాన్యమైన పని కాదు. మనసు ప్రసన్నముగా నున్నను, లేకున్నను, పత్రిక వెలువడు దినము వచ్చియే తీరును; ఆ దినమునకు వ్యాసము సిద్ధము కావలెను. వారు స్వనామముతోనే గాక పలు మారుపేర్లతోను వ్రాసిరి. గ్రామములలో పత్రికకై ఎదురుచూచువారు కొందఱున్నారను ఎఱుకయే ఆ కలమును నడిపినదని నా విశ్వాసము.

నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను మాట వెలువడినప్పుడు, వారు ఒక ఖండనవ్యాసముతో తృప్తిచెందక, ఊరూరి కవుల రచనలను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. ఆగ్రహము ఒక్క దినపు వ్రాతకు చాలును. ఇట్టి గ్రంథమునకు మాత్రము దీర్ఘమైన ఓపిక కావలెను. 1949లో వెలువడి, వారి మరణానంతరము 1955లో సాహిత్య అకాడమీ పురస్కారము నందిన ఆంధ్రుల సాంఘిక చరిత్రయు అట్టి ఓపికకే ఫలము. పూర్వకావ్యములను సామాన్యుల తిండి, బట్ట, ఆట, ఆచారముల కొఱకు వెదకుచు చదివి, కనబడినదానిని ఎప్పటికప్పుడు గుర్తుపెట్టుకొననివానికి ఆ గ్రంథము సాధ్యమగునది కాదు.

ఇంతటి మహాకార్యము తమవంటివారికి ఆదర్శము కాజాలదని యువకులు సంశయింతురు. వారికి నేను మా ఉమ్మడి పాలమూరు జిల్లాలోని మఱియొక వ్రాతను జ్ఞప్తికి తెత్తును. ఇక్కడినుండి ఆనకట్టల పనులకును, బొంబాయి మొదలగు నగరములకును వలసపోయిన కుటుంబములు అసంఖ్యాకములు. ఫోను లేని దినములలో, చదువురాని తల్లి కార్డుముక్క తీసికొని వచ్చి, "జర గీ కారటు రాసియ్యి బిడ్డా" అని అరుగుమీద కూర్చుండెడిది. వానలు పడినవా, ఎద్దు ఎట్లున్నది, చిన్నపిల్ల నడుచుచున్నదా అను సంగతులన్నియు ఆ చిన్న కార్డులో ఇమిడ్చి వ్రాయవలసి వచ్చెడిది. ఆమె ఎదుట కూర్చున్నవానికి నేడు వ్రాయబుద్ధి కాలేదను మాట తోచదు. వాక్యము సరళముగాను, సత్యముగాను ఉండవలెనని వ్యాకరణముకన్న ముందు నాకు నేర్పినది అట్టి ఉత్తరములే.

నా అనుభవమునుబట్టి, అలవాటు నిలుచుటకు మూడు చాలును: ఒక వేళ, ఒక మేర, ఒక పాఠకుడు. ఇల్లు మేల్కొనకముందే కూర్చుండుట నాకు అనుకూలము. మఱియొకరికి రాత్రి భోజనానంతరము అనుకూలము కావచ్చును. మేర స్వల్పమైనచో అలసిన దినమునను వ్రాత తప్పదు. విషయమునకై దూరము పోనక్కఱలేదు. దుందుభి వాగు వెంబడి సేద్యమెట్లు మాఱినదో, జొన్నచేలున్న చోట పత్తి ఎప్పుడు వచ్చినదో, అవ్వ పాడిన నాటుపాటలో ఏ పంట పేరున్నదో, వీనిలో ఏ యొక్కటియైనను ఒక సంవత్సరపు వ్రాతకు చాలును. వ్రాసినదానిని నియతముగా వినిపించుటకు ఒక మిత్రుడో, సోదరియో, గ్రంథాలయమున కలియు వృద్ధుడో ఉన్నచో, మిగిలిన బలమును వారే ఇత్తురు.

కావున, ప్రేరణకై తమ అంతరంగమునే త్రవ్వుకొనుచు కాలము గడపు యువకులకు నా మనవి ఒక్కటే: మీ వ్రాత ఎవరికి అక్కఱయో వారిని ముందు వెదకుడు, వెదకి, ఫలానా దినమున తెచ్చి వినిపింతునని వారికి మాట యిండు. ఇచ్చిన మాటను నిలుపుకొనువానికి వ్రాత అలవడక తప్పదు.