అంతవరకు ఇంకా మారలేదు

అబిడ్స్‌లో ఈ వారం ఒక ఫ్లెక్సీ నన్ను నడిరోడ్డు మీద నిలబెట్టేసింది. "ఆత్మీయ ఉజ్జీవ వీకెండ్ రిట్రీట్. శుక్రవారం సాయంత్రం గుడి దగ్గర బస్సు. ఏసీ గదులు, క్యాంప్‌ఫైర్, స్విమ్మింగ్ పూల్ కలవు." పూల్ బాప్తిస్మాల కోసమేమో అని సరిపెట్టుకోబోయాను. పక్కనే గాలి నింపిన బాతు బొమ్మ కూడా వేశారు.

ఏ సంఘం వాళ్లదో చెప్పను. చెబితే ఆరాధన అయ్యాక నాకక్కడ టీ పుట్టదు.

దేవుణ్ణి కలవడానికి శామీర్‌పేట దాకా పోవాలా అన్నది నా మొదటి చిరాకు. మన నాంపల్లికి ఏం తక్కువ? గురువారం రాత్రి యూసుఫైన్ దర్గాలో ఖవ్వాలీ సాగుతుంటుంది. గోడ వారగా కళ్లు మూసుకుని కూర్చున్నవాళ్లు ఎవరితోనూ మాట్లాడరు. వాళ్లెవరూ గది బుక్ చేసుకుని వచ్చినవాళ్లు కారు. ఇటు గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్ కేథడ్రల్‌కి వారం మధ్యలో, మిట్టమధ్యాహ్నం వెళ్లి చూడండి. ఎవరో ఒకరు చేతిసంచీ పక్కన పెట్టుకుని మోకాళ్ల మీద ఉంటారు. జనవరి 1న నుమాయిష్ మొదలై నెలన్నర పాటు ఊరంతా నాంపల్లి మీద పడ్డా, ఈ రెండు చోట్లా ప్రార్థన ఆగదు.

రెండో చిరాకు పాతదే. మైకు మీద నా పోరు ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. పెళ్లిలో మైకు, సంతాప సభలో మైకు, ఇరవై మంది కూర్చున్న గదిలో మైకు. రిట్రీట్ చివరి రోజున బిర్యానీకి ముందు సాక్ష్యాలుంటాయి. ఒక్కొక్కరే మైకు పుచ్చుకుని "నా జీవితం పూర్తిగా మారిపోయింది" అంటారు. రెండు రాత్రుల్లో, పూర్తిగా! లొయోలా ఇగ్నేషియస్ రాసిన ఆత్మీయ సాధనల పుస్తకం 1548లో అచ్చయింది. అందులో ఆయన ఈ పనికి ముప్పై రోజులు లెక్క కట్టాడు. అదీ మౌనంలో, దారి చూపే మనిషి ఒకరు తోడుండగా. మనం శుక్రవారం లాగౌట్ అయ్యాక మొదలుపెట్టి సోమవారం లాగిన్ లోపు ముగించేస్తున్నాం. బుధవారానికల్లా ఆ పూర్తిగా మారిన మనిషి చాపెల్ రోడ్డులో ముందు బండివాణ్ణి హారన్‌తో చంపుకు తింటుంటాడు.

సాక్ష్యాలు ఎత్తేయండి, అందరూ నోరు మూసుకుని ఇంటికి రండి అని రాద్దామనే కూర్చున్నాను. మా నాయనమ్మ అడ్డొచ్చింది.

ఆవిడ ఏటా నన్ను రెక్క పట్టుకుని గోల్కొండ చౌరస్తాలో హెబ్రోను కూటాలకు తీసుకుపోయేది. భక్తసింగ్ గారి సంగతి పాత హైదరాబాదీలకు చెప్పనక్కర్లేదు. కొత్తవాళ్ల కోసం: 1903లో పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. ఇంజనీరింగ్ చదవడానికి ఇంగ్లండ్, కెనడా వెళ్లి క్రైస్తవుడై తిరిగొచ్చారు. 1941 డిసెంబరులో మద్రాసులో మొదటిసారి ఈ పెద్ద కూటాలు పెట్టారు. 1950లో హైదరాబాదులో హెబ్రోను మొదలైంది. 2000 సెప్టెంబరులో ఇక్కడే కన్నుమూశారు.

పెద్ద పందిరి. చాపల మీద ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క, ఎటు చూసినా తెల్లబట్టలే. ప్రసంగం గంటల తరబడి నడిచేది. ఆయన మాట్లాడుతుంటే పక్కన ఒకరు నిలబడి తెలుగులో చెప్పేవారు కాబట్టి ప్రతి మాటా రెండు సార్లు. నాకు మాత్రం సాంబారు మీదే ధ్యాస. భోజనానికి పైసా అడిగేవారు కాదు. వండేదీ వడ్డించేదీ ఊడ్చేదీ విశ్వాసులే. ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా చేతికి అందించాల్సిన మా వీధి గెజిటెడ్ ఆఫీసరు గారు అక్కడ బకెట్ పట్టుకుని బంతి మధ్యలో వంగి వంగి వడ్డిస్తుంటే, నేను కావాలనే రెండోసారి పోయించుకునేవాణ్ణి.

ఒక ఏడు కూటాల నుంచి వచ్చాక, మా వీధి ప్రార్థనలో నాయనమ్మ సాక్ష్యానికి లేచింది. మైకు లేదు. ఆవిడ గొంతుకు అక్కర్లేదు కూడా, నాంపల్లి స్టేషన్ దాకా వినబడేది. "గొలుసు విషయంలో నాకూ మల్లేపల్లిలో ఉండే మా తోడికోడలికీ మాటల్లేవు. పోయి మాట్లాడమని దేవుడంటున్నాడు. నాకు బుద్ధి పుట్టడం లేదు. ప్రార్థన చెయ్యండి" అని కూర్చుంది. స్తోత్రం అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు.

ఆ తర్వాతే అసలు కథ. పాలకు పోతే "అత్తమ్మా, మల్లేపల్లి పోయొచ్చినవా?" కూరగాయల బండి దగ్గర అదే ప్రశ్న. ఆఫీసరు గారి భార్య అయితే గేటు దగ్గర కాపు కాసి మరీ అడిగేది. చివరికొక రోజు ఆవకాయ జాడీ చంకన పెట్టుకుని, "వీళ్ల పోరు పడలేక పోతున్నా" అని తిట్టుకుంటూ మల్లేపల్లి వెళ్లింది. చీకటి పడ్డాక గానీ రాలేదు. గొలుసు మాత్రం రాలేదు. ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

మెథడిస్టు మిషనరీ స్టాన్లీ జోన్స్ పుస్తకాలు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అప్పుడప్పుడూ తగులుతుంటాయి. ఆయన 1930లో నైనిటాల్ దగ్గర సాత్‌తాల్‌లో క్రైస్తవ ఆశ్రమం పెట్టాడు. బిరుదులు లేవు, అందరూ బ్రదర్, సిస్టర్లే. మొదటి రోజే అందరూ, నడిపేవాళ్లతో సహా, తమ కొరతేమిటో నోరు విప్పి చెప్పుకోవాలి. మరుగుదొడ్లు కడిగే మనిషికి వారానికొక రోజు సెలవు. ఆ రోజు ఆశ్రమవాసులే కడగాలి. బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఒకాయన ఎంతకీ ముందుకు రాకపోతే, నీ వంతు ఎప్పుడని జోన్స్ అడిగాడట. మారిన మాట నిజమే కానీ అంత దూరం ఇంకా మారలేదని ఆయన తల అడ్డంగా ఊపాడట.

చాలామంది ఈ కథ చెప్పి ఆయన్ని చూసి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. కులం చెప్పులతో పాటు గుడి గుమ్మం బయటే ఆగిపోతోందని చెప్పే సంఘాలు మనకు బోలెడు. తన మార్పు ఎక్కడ ఆగిందో కొలిచి చెప్పిన ఆ మనిషి నయం. అలా పైకి చెప్పినవాణ్ణి మర్నాడు మళ్లీ అడగొచ్చు. పూర్తిగా మారిపోయానన్నవాణ్ణి ఏమని అడుగుతాం?

మా మేనకోడలు కిందటేడు ఇలాంటి పూల్ రిట్రీట్‌కే వెళ్లింది. హైటెక్ సిటీలో ఉద్యోగం. చివరి రోజు మైకు చేతికిస్తే ఆ పిల్ల అన్న మాటలివీ: "ఈత కొడదామనే వచ్చాను. శనివారం వాక్యం జరిగినంతసేపూ నిద్రపోయాను. మా టీమ్ లీడ్‌ని ఇంకా క్షమించలేదు. రోజూ పేరు పెట్టి ప్రార్థన మాత్రం చేస్తాను." ఇప్పుడు క్వాయర్‌లో ఆంటీలంతా ప్రతి ఆదివారం "మీ టీమ్ లీడ్ బాగున్నాడా తల్లీ?" అని పలకరిస్తున్నారు. "చచ్చినట్టు ప్రార్థన చేయాల్సి వస్తోంది మామయ్యా" అని నా దగ్గర మొత్తుకుంటోంది. ఉజ్జీవం అంటే ఇంతకన్నా ఏముంటుందో నాకు తోచదు. దర్గా గోడ వారన ఒంటరిగా కూర్చున్నవాణ్ణి ఇలా అడిగేవాళ్లుండరు. ఒక బస్సెక్కి, ఒక గదిలో పడుకుని వచ్చిన నలభై మంది మాత్రం అడుగుతారు.

కాబట్టి ఫ్లెక్సీ కట్టించిన పాస్టర్ గారికి నా మనవి. మీ పూల్ జోలికి నేను రాను, బాతుతో సహా ఉంచుకోండి. ఆ రిసార్టులో గిన్నెలు తోమేవాళ్లకు ఒక పూట సెలవిప్పించి ఆ పని మీవాళ్లతో చేయించండి. ఆదివారం మధ్యాహ్నం మైకు ఇవ్వండి. అవును, నేనే అంటున్నాను, ఇవ్వండి. "పూర్తిగా" అన్న మాట వినబడగానే తీసేసుకోండి.