పూడిక తీయించాలట! ఎవరిచేత?

ఇంటి బావి ఉన్నవాళ్లకు చెప్పే జాగ్రత్తలు మేం చూసిన ఆరోగ్య కరపత్రాలన్నిటిలోనూ ఒకే తీరుగా ఉన్నాయి. బావి చుట్టూ 3 అడుగుల మేర గచ్చు చేయించాలి. రెండున్నర అడుగుల ఎత్తున గోడ కట్టించాలి. మరుగుదొడ్డికీ బావికీ మధ్య 50 అడుగుల దూరం ఉంచాలి. ఏటా వేసవిలో పూడిక తీయించాలి. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన మంచి బ్లీచింగ్ పౌడర్ కలిపించి, గంటసేపు ఆగి తోడుకోవాలి. ఇవేవీ తప్పుడు సలహాలు కావు. మా పేచీ అంతా ఆ క్రియలతోనే. చేయించాలి, కట్టించాలి, తీయించాలి. మన వ్యాకరణం దీన్ని ప్రేరణార్థకం అంటుంది. చేసేవాడొకడు, చేయించేవాడొకడు. వాక్యంలో కర్త పీట మాత్రం చేయించేవాడిదే. బావిలోకి దిగేవాడికి ఆ వాక్యంలో చోటే లేదు.

పూడిక తీయడమంటే ఏమిటో కుళాయి నీళ్ల పాఠకులకు కొంచెం చెప్పక తప్పదు. రోహిణి కార్తెలో నీళ్లు అడుగంటాక పని మొదలవుతుంది. గిలక విప్పేసి దూలానికి మోకు కడతారు. ముందు వెలిగించిన లాంతరు దించుతారు. ఆరిపోయిందంటే అడుగున ప్రాణవాయువు చాలడం లేదన్నమాట. అప్పుడు వేపమండలు కట్టగట్టి పైకీ కిందికీ ఆడించి, గాలి కలబెట్టి, మళ్లీ లాంతరు దించి చూస్తారు. ఆ తర్వాతే మనిషి దిగుతాడు. అడుగున మోకాటి లోతు బురద. అందులో పెంకులు, తెగిన చేంతాళ్లు, తుప్పుపట్టిన చేదలు. వాటిని తట్టకెత్తుతుంటే పైవాళ్లు లాగుతారు. ఊట ఊరుతూనే ఉంటుంది, తోడుతూనే ఉండాలి. తోడటానికి ఇంజన్లొచ్చాక రెక్కల కష్టం తగ్గింది గానీ చావు దగ్గరైంది. ఇంజన్ని లోపలికి దించి నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బావిలోనే నిలుస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు, లాంతరు కూడా ఆరదు. ఒకడు పడిపోతే వాణ్ణి తీయబోయి రెండోవాడు, రెండోవాణ్ణి తీయబోయి మూడోవాడు పోయిన వార్తలు మనం వేసవుల్లో చదువుతూనే ఉన్నాం. కరపత్రాల్లో పౌడరు కొలతకు సూత్రం ఉంది. దిగే మనిషి ఊపిరి గురించి ఒక్క ముక్క మాకు దొరకలేదు.

మా నాయన ఈ పని చేసేవాడు. మా ఊళ్లో ఒక ఆసామి పెరటి బావిలోకి మా నాయనా, చిన్నాయనా ఏటా దిగేవాళ్లు. రెండు రోజులు ఆ నీళ్లలోనే ఉండేవాళ్లు. కొత్త ఊట తేరిందో లేదో నోట్లో పోసుకుని చెప్పాల్సింది కూడా మా నాయనే. పైకొచ్చి దాహమడిగితే ఇంటావిడ అరుగు మీద నిలబడి దోసిట్లో పోసేది. సాయంత్రం బావిలో పసుపునీళ్లు చల్లి, గిలకకు బొట్టు పెట్టేవాళ్లు. మర్నాటి నుంచి ఆ గట్టు మేం తాకరాదు. రెండు రోజులు లేని అంటు మూడో రోజు ఎక్కణ్ణుంచి వచ్చేదో! మోట తోలే రోజుల్లో మాదిగ కుట్టిన తోలు పగలంతా పొలం బావిలో మునిగి లేచేది కదా, ఆ నీళ్లకూ అంటు లేదు.

ఇక సాహిత్యం సంగతి. బావి కథ అనగానే సభల్లో తరచూ వినిపించేది ప్రేమ్‌చంద్ 1932లో రాసిన 'ఠాకూర్ కా కువా'. జోఖు జబ్బుమనిషి. భార్య గంగి తెచ్చిన నీళ్లు కంపు కొడుతున్నాయి. బావిలో ఏదో జంతువు పడి చచ్చి ఉంటుందని అనుకుంటారు. మంచినీళ్ల కోసం ఆమె రాత్రిపూట ఠాకూర్ బావికి వెళుతుంది. కుండ చేతికందబోయే వేళ ఠాకూర్ ఇంటి తలుపు తెరుచుకుంటుంది. గంగి పారిపోయి ఇల్లు చేరేసరికి జోఖు ఆ కంపు నీళ్లే తాగుతుంటాడు.

ఈ కథ బలాన్ని మేం కాదనం. దొంగతనాలూ మోసాలూ చేసేవాళ్లు మాకంటే ఎట్లా గొప్పవాళ్లయ్యారని గంగి మనసులో అడుగుతుంది. ఆ రోజుల్లో ఒక సవర్ణ రచయిత ఆ ప్రశ్న రాయడం చిన్న సంగతి కాదు. కానీ ఒక వాక్యం దగ్గర మేం ప్రతిసారీ ఆగిపోతున్నాం. చెడ్డ నీళ్లు తాగితే జబ్బు ముదురుతుందని గంగికి తెలుసట, మరగబెడితే ఆ చెడుగు పోతుందని మాత్రం తెలియదట! గంగికి తెలియనిది రచయితకు తెలుసు, చదివేవాడికీ తెలుసు. ఇద్దరూ కలిసి ఆమె అమాయకత్వం మీద జాలిపడటానికి ఆ వాక్యం వీలు కల్పిస్తుంది.

అక్షరం రాని మా అమ్మకు ఈ కథ తెలుగులో చెప్పాం. మరగబెట్టే మాట దగ్గరే ఆపింది. "గొడ్డు పడి కుళ్లిన నీళ్లు మరగబెట్టుకు తాగుతారంట్రా ఎవరన్నా? మరిగితే పురుగు చస్తది, కంపెట్టా పోద్ది? ఆ పల్లెలో మోకు లేదా? దిగే మొగోళ్లు లేరా?" అంది. ఈ కథ మీద మేం విన్న విమర్శల్లో ఇంత సూటిగా తగిలింది ఇంకొకటి లేదు.

అమ్మ ఊరికే అనలేదు. ఒకసారి మా పల్లె బావిలో కుక్క పడింది. పాతాళగరిగెతో కళేబరం తీశారు. ఉన్న నీళ్లన్నీ తోడి పారబోశారు. అడుగు బురద గీకి ఎత్తారు. ఊరిన నీళ్లను మళ్లీ రెండుసార్లు తోడేసి, అప్పుడు పౌడరు వేశారు. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ మా మొగోళ్లు కూలికి పోలేదు, ఆడవాళ్లు పొలాల్లో మోటార్ల దగ్గర బతిమాలి బిందెలు నింపుకున్నారు. కాబట్టి గంగి వాడకు బావి బాగుచేసుకోవడం తెలియదంటే మేం నమ్మం. అడ్డు ఏదైనా ఉందంటే అది మూడు రోజుల కూలి, మోకు ఖరీదు. మరగబెట్టాలన్నా కట్టెలు ఎవరి తోటలోవి? ప్రేమ్‌చంద్ ఆ లెక్కలోకి పోలేదు. గంగికి కోపం ఇచ్చాడు గానీ, ఆమె కులం చేతుల్లో ఉన్న నీటి విద్యను తీసేసుకున్నాడు. పైగా గంగికి వాడే లేదు. కథంతా మొగుడూ పెళ్లాలూ, చీకటీ.

ఈ ఒంటరితనం ఆ కాలపు నిజం మాత్రమే అనుకోవడానికి లేదు. కథకు ఐదేళ్ల ముందే, 1927 మార్చి 20న, మహద్‌లో అంబేడ్కర్ వెంట వేలమంది పట్టపగలు చవ్‌దార్ చెరువుకు నడిచి నీళ్లు తాగారు. తర్వాత సవర్ణులు చేసిన నిర్వహణ చూడండి: పేడ, మూత్రం, పాలు, పెరుగు కలిపిన 108 కుండలు చెరువులో ముంచి శుద్ధి అన్నారు! నీళ్లు బాగుచేయడమంటే మనకు పూడిక తీయడం, వాళ్లకు పేడ కలపడం. ఆ ఏడాదే కోర్టుకెక్కి, చెరువు తమ సొంత ఆస్తి అని వాదించారు. ఆ వాదన వీగిపోయి బొంబాయి హైకోర్టు తుది తీర్పు వచ్చేసరికి 1937 మార్చి 17 అయింది.

'సొంతం' అన్న మాటను ప్రేమ్‌చంద్ మాత్రం సరిగ్గానే పట్టుకున్నాడని ఒప్పుకోవాలి. ఠాకూర్ బావి నీళ్లు ఊరంతా తాగుతుంది. గంగి లాంటివాళ్లకే అది ఠాకూర్‌ది. రాజ్యాంగం 15(2) అధికరణం ప్రభుత్వ ధనంతో నిర్వహించే బావులు, ప్రజలకు అంకితమిచ్చిన బావుల వరకే మాట్లాడింది. 1976లో సవరించిన పౌరహక్కుల రక్షణ చట్టం ఇంకో అడుగు వేసింది. ప్రజల్లో ఏ వర్గానికి ప్రవేశం ఉన్న బావైనా సరే, అంటరానితనం పేరుతో మనల్ని ఆపడం నేరం. కాగితం మీద ఠాకూర్ బావి అందులోకి రావాల్సిందే. పెరటి గోడ లోపలికి పోయి, పక్కింటి రెడ్డిగారు తోడుకోవడం చూశామని సాక్ష్యం చెప్పేదెవరు?

మన బావి మనం బాగుంచుకోవడం కూడా ఒట్టి శుభ్రత వ్యవహారం కాదు. కారంచేడులో తాగే చెరువును మురికి చేయవద్దన్నందుకే గొడవ రేగింది. మున్నంగి సువార్త బిందె ఎత్తింది. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. గంగి నుంచి సువార్త దాకా కుండ పట్టిన చేయి ఎంత మారిందో చెప్పే విమర్శ ఇంకా రావాల్సి ఉంది.

మా అమ్మ అడిగిన ఇంకో ప్రశ్నకు మాత్రం మాకు జవాబు దొరకలేదు. గంగి పారిపోయేటప్పుడు కుండా తాడూ ఠాకూర్ బావిలోనే పడిపోయాయి. "మరి తెల్లారి ఆ కుండ తీయడానికి ఎవర్ని దించారు?" అంది. ప్రేమ్‌చంద్ కథను తెల్లారనివ్వలేదు.